మిగిలిన పదిహేడు నిమిషాలు

కాగితం భోజనాల బల్ల మీదికి వచ్చి అరగంట అయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పెద్ద మేడమ్ దాని మీద ఉప్పు సీసా పెట్టింది. ఇన్ని వస్తువులుండగా ఉప్పు సీసాయే దొరికిందా ఈవిడకి అనుకుంది సీసాలక్క. ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"అందినట్టు సంతకం పెట్టు," అంది పెద్ద మేడమ్ టీ కప్పులోకి చూస్తూ. "అందినట్టే. ఒప్పుకున్నట్టు కాదు."

"చదివి పెడతాను, మేడమ్."

గదిలో అందరూ ఒక్కసారిగా తలెత్తారు. మూలన కుట్టుమిషను తొక్కుతున్న అత్తగారి కాళ్లు కూడా ఆగిపోయాయి.

బడిలో మేడమ్, గేటు దాటితే వదిన. పన్నెండేళ్లుగా తప్పని పద్ధతి అది. పెద్ద మేడమ్ పై తరగతులకు రసాయనశాస్త్రం చెబుతుంది. అదే బడి ల్యాబులో సీసాలు కడిగి, ద్రావణాలు కలిపి పెట్టేది సీసాలక్క. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఇంటికొస్తే ఒకరు పై వాటాలో ఒంటరిగా ఉండే ఆడపడుచు, ఇంకొకరు కింది వాటా కోడలు. బడి మాట ఇంట్లోకి, ఇంటి మాట బడిలోకి రానివ్వకుండా ఇద్దరూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. ఇవాళ ఆ మాట గేటు దాటి వచ్చేసింది.

"ఇంట్లో మేడమ్ ఏంటే?" అంది పెద్ద మేడమ్.

"మరి ఇంట్లో రిపోర్టు ఏంటి?"

సీసాలక్క ఉప్పు సీసా పక్కకి జరిపి కాగితం తీసింది. పరిశీలన పాఠం నివేదిక. టీచరు లైసెన్సుకి రాత పరీక్ష గట్టెక్కాక మిగిలేది ఈ ఒక్క మెట్టే. నిజమైన పిల్లల ముందు నలభై నిమిషాలు పాఠం చెప్పాలి. గైడుగా ఉన్న టీచరు వెనక బల్ల మీద కూర్చుని చూసి, పనికొస్తుందో లేదో రాయాలి. పెద్ద మేడమ్ రాసేసింది. ఎర్ర సిరా, గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు.

"అభ్యర్థికి విషయ పరిజ్ఞానం చాలదు. పదార్థం నీటిలో కలిసి కరగడానికి, వేడికి కరిగి ద్రవంగా మారడానికి తేడా గుర్తించలేదు. లైసెన్సుకు సిఫార్సు చేయడం లేదు."

సీసాలక్క దాన్ని గట్టిగా చదివి ఇంట్లో అందరికీ వినిపించింది. ఆ బడిలో ఏ క్లాసులో ఏ ద్రావణం రంగు మారినా, ముందురోజు దాన్ని తూచి, కలిపి, చీటీ అంటించింది తనే. పగలు సీసాలు కడుగుతూ డిగ్రీ చదివింది, ఆ పైన టీచరు శిక్షణ పూర్తి చేసింది. పన్నెండేళ్ల కష్టాన్ని మూడు మాటల్లో తేల్చేశారు.

"అక్కా, ఇది మరీ..." అంటూ ఆమె మొగుడు నీళ్లు నమిలాడు. అతనిది వీధి చివర కళ్లజోళ్ల దుకాణం.

"ఏం, మార్చి రాయమంటావా?" అంది పెద్ద మేడమ్. "చూసింది రాశాను. తమ్ముడి పెళ్లాం కదా అని కళ్లు మూసుకోమంటావా? రేపు స్టాఫ్ రూములో నలుగురూ ఏమంటారు? ఇరవై ఏళ్లలో ఒక్కరు నా వైపు వేలెత్తి చూపలేదు."

"అయితే ఆ నలుగురి కోసం నన్ను తప్పించారన్నమాట," అంది సీసాలక్క.

"నువ్వన్న మాట కోసం తప్పించాను. క్లాసులో ఏమన్నావో మీ అత్తగారికి చెప్పు."

సీసాలక్క దాచకుండా చెప్పింది.

మూడో పీరియడు, తొమ్మిదో తరగతి, ద్రావణాల పాఠం. బీకరు నీళ్లలో మైలుతుత్తం పలుకు ఒకటి వేసింది. నీలిరంగు సన్నటి దారంలా కిందికి దిగుతుంటే పిల్లలు మెడలు సాచి చూశారు. "చూశారా, ఎలా కరిగిపోతోందో!" అంది. అంతవరకు బాగానే ఉంది. రెండో బీకరులో నీళ్లు చల్లబరచడానికి ఐసుముక్క వేసింది. పాఠం మంచి ఊపులో ఉంది, ఆమె నోటికి పట్టపగ్గాల్లేవు. "ఇదిగో, ఐసు కూడా అలాగే కరిగిపోతుంది," అనేసింది.

"అలాగే!" అంది పెద్ద మేడమ్ అత్తగారి వైపు తిరిగి. "విన్నావా అమ్మా? మైలుతుత్తం నీళ్లలో కలిసిపోయింది. ఐసు తనే నీళ్లయింది. రెండూ ఒకటే ఎలా అవుతాయి? అలాగే అని టీచరు అంటే పిల్లల బుర్రలో జన్మంతా అలాగే ఉండిపోతుంది."

"నోరు జారింది. కాదనను. ఆ వెంటనే మూడో వరసలో పిల్ల లేచింది. ఆ సంగతి చెప్పరేం?"

అదీ సీసాలక్కే చెప్పింది.

బడి బడంతా సీసాలక్క అని పిలిచే మనిషిని ఆ పిల్ల లేచి, "టీచర్," అంది. "ఐసు ఉత్త బల్ల మీద పెట్టినా కరుగుతుంది కదా. మైలుతుత్తం బల్ల మీద పెడితే అలాగే పడుంటుంది. మరి రెండూ అలాగే ఎలా కరుగుతాయి?"

తన తప్పును పట్టుకున్న పిల్ల మీద అంత ప్రేమ పుట్టుకొస్తుందని సీసాలక్క ఏనాడూ అనుకోలేదు. "శభాష్! అయితే తేడా ఏంటో నువ్వే..." అంటూ ఉండగానే వెనక బల్ల కిర్రుమంది. పెద్ద మేడమ్ వచ్చి ఆమె చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద ద్రవీభవనం, విలీనం అని రెండు మాటలు రాసి కింద గీతలు గీసి, "రాసుకోండి," అంది. నలభై మందీ తలలు వంచి రాసుకున్నారు. లేచి నిలబడిన పిల్ల కూడా కూర్చుని రాసుకుంది.

గోడ గడియారంలో అప్పుడు పదకొండూ ఇరవై మూడు. పదకొండూ నలభైకి గంట. ఆ గడియారం బడి గంట కంటే కాస్త ముందు నడుస్తుందని పిల్లలకి అదంటే ప్రాణం. పీరియడు అయ్యేదాకా సీసాలక్క ఆ ముల్లునే చూస్తూ, బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"విలీనమంటే బ్యాంకులు కలిసిపోవడం కాదుటే?" అంది అత్తగారు.

"టీలో చక్కెర కలిసిపోయినా అదే, అత్తయ్యా."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "అంటే చక్కెరకి నీళ్లు తోడు కావాలి. ఐసుకి వేడి తగిలితే చాలు. అంతేనా?"

"అంతే. ఆ పిల్ల కూడా ఆ మాటే చెప్పబోయింది. మేడమ్ చెప్పనివ్వలేదు."

"తప్పుమాట నా క్లాసులో ఒక్క నిమిషం నిలవకూడదు," అంది పెద్ద మేడమ్. "అది నా పద్ధతి."

"తప్పెక్కడుందో పిల్లలే వేలు పెట్టి చూపించాలి. అది నా పద్ధతి."

"ఓహో! లైసెన్సు రాకముందే నీకో పద్ధతా?"

"మీరు సుద్దముక్క లాక్కోకపోతే వచ్చేది."

కళ్లజోళ్లాయన ఉలిక్కిపడి పెళ్లాం వైపు చూశాడు. ఆ ఇంట్లో పెద్ద మేడమ్‌తో అలా మాట్లాడినవాళ్లు ఇంతవరకూ లేరు. పెద్ద మేడమ్ కప్పు పక్కకి నెట్టి, సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. గొంతు కాస్త తగ్గింది.

"ఇది ఉపసంహరణ పత్రం. దీని మీద సంతకం పెట్టావంటే నా నివేదిక ఆఫీసుకే వెళ్లదు. వచ్చే ఏడు మళ్లీ పాఠం చెబుదువుగాని. అప్పటికి నేనే దగ్గర కూర్చోబెట్టుకుని తయారుచేస్తా."

"పోయినేడూ వచ్చే ఏడే అన్నారు. సిలబస్ వెనకబడింది, నీకు పీరియడు ఇవ్వలేనన్నారు. అంతకుముందేడు ల్యాబుకి కొత్త బల్లలొస్తున్నాయి, నువ్వు లేకపోతే ఎలా అన్నారు."

"అయితే ఏం చేస్తావ్?"

"అభ్యంతరం పెడతాను."

పెద్ద మేడమ్ నవ్వలేదు, కోప్పడలేదు. "తెలిసే అంటున్నావా? బయటి నుంచి పరీక్షకుడు వస్తాడు. మళ్లీ అదే క్లాసు, అదే పాఠం. ఆయన కూడా కాదంటే నీ ఫైలు మూసేస్తారు. ఇక ఎప్పటికీ తెరవరు."

"తెలుసు."

"రేపు సాయంత్రం ఐదింటికి గడువు. అప్పటికి ఏ కాగితమూ అందకపోతే ఈ నివేదికతోనే మూసేస్తారు."

"అదీ తెలుసు, మేడమ్."

పెద్ద మేడమ్ లేచి తాళాలు తీసుకుని మెట్లెక్కింది. తాగని టీ మీద మీగడ కట్టింది. ఉపసంహరణ పత్రం మాత్రం బల్ల మీదే ఉంది.

కళ్లజోళ్లాయన ఆ పత్రాన్ని పెళ్లాం ముందుకి జరిపాడు.

"ఒక్క ఏడాదే కదా," అన్నాడు. "సంతకం పెట్టేసెయ్. అక్క మాటిచ్చిందంటే తప్పదు. రేపటి అభ్యంతరం గాని తిరగబడితే మొత్తానికే మోసమొస్తుంది."

"ఇందులో ఏం రాసుందో చూశారా? విషయ పరిజ్ఞానం చాలదని గ్రహించి నా అంతట నేనే తప్పుకుంటున్నానట. నా అంతట నేనేనట!"

"ఎవరు చదువుతారే అవన్నీ?"

"నేను చదివాను."

"వీడికి ఊళ్లో అందరి చూపూ సరిచేయడం వచ్చు గానీ, ఇంట్లో ఏం జరుగుతోందో కనిపించదు," అంది అత్తగారు. కత్తెర పక్కన పెట్టి కోడలి దగ్గరికి వచ్చి కూర్చుంది. "అమ్మాయ్, నీ పాఠం ప్లాను ఏదీ? ఓసారి ఇలా తియ్యి."

సీసాలక్క ఫైలు తెరిచింది. పాఠాన్ని ఏ వరసలో చెప్పబోతోందో ముందే రాసుకున్న కాగితం అది. అభ్యంతరంతోపాటు దాన్నీ జత చేయాలి. నాలుగో అంశం కింద ఒక గీత ఖాళీగా ఉంది.

"ఇదిగో, ఇక్కడ చోటుంది," అంది అత్తగారు వేలు పెట్టి. "కరగడమనే మాట కావాలనే రెండింటికీ వాడి, పిల్లల చేత తేడా చెప్పించాలి అని రాసెయ్. అదే పెన్ను, అదే చెయ్యి. విప్పి మళ్లీ కుట్టిన కుట్టు ఎవరికి తెలుస్తుంది?"

కళ్లజోళ్లాయన మొహం వెలిగింది. "నిజమే! ఒక్క వాక్యం. అక్క కూడా నోరెత్తలేదు."

సీసాలక్క పెన్ను తీసింది. ఆ ఖాళీ గీత సరిగ్గా ఒక వాక్యానికి సరిపోయేంత ఉంది. రాస్తే గెలిచినట్టే. తను నోరు జారిందని తెలిసినవాళ్లు ఈ ముగ్గురే, పైవాటాలో ఇంకొకరు. రాయాలని ఆమెకు ఎంత అనిపించిందో చెప్పలేం. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

"రాయను, అత్తయ్యా."

"ఏం? పాపమా?"

"ప్రయోగంలో పిల్లలకి ఒక్కోసారి సరైన అంకె రాదు. పక్కవాడి పుస్తకం చూసి, వచ్చినట్టు రాసుకొస్తారు. టీచరుగా నేను దాన్ని కొట్టెయ్యాలి. ఇది రాశాక ఏ మొహంతో కొట్టేస్తాను?"

"మరి ఓడిపోతావా?"

"ఎవరు ఓడిపోతానన్నారు?"

ఆమె కొత్త ఫారం ముందుకు లాక్కుంది. అభ్యంతరానికి కారణం అన్నచోట, చిత్తు కూడా రాసుకోకుండా, నీలి సిరాతో ఇలా రాసింది.

"ఐసు కూడా అలాగే కరుగుతుందని నేను అన్న మాట నిజం. ఆ 'అలాగే' నా తప్పు. ఆ తప్పును ఒక విద్యార్థిని పట్టుకుంది. దాన్ని ఆ పిల్లల చేతనే సరిదిద్దించడానికి నాకు ఇంకా పదిహేడు నిమిషాలు ఉన్నాయి. అవి నాకు ఇవ్వలేదు. ఆ పదిహేడు నిమిషాలు ఇప్పించండి."

కళ్లజోళ్లాయన చదివి తల పట్టుకున్నాడు. "తప్పు నాదేనని ఎవరైనా అభ్యంతరంలో రాస్తారా?"

"నేను రాస్తాను," అంది సీసాలక్క. ఉపసంహరణ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎగుడుదిగుడుగా ఉన్న బల్ల కాలి కింద దోపింది. బల్ల కదలడం మానేసింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే ల్యాబులో కుళాయి ఎప్పటిలాగే చుక్కలు కారుస్తోంది. అభ్యంతరం మీద గైడు చూసినట్టు సంతకం ఉండాలి. అది లేనిదే ఆఫీసు తీసుకోదు. సీసాలక్క బ్యూరెట్లు కడగడం ఆపి, చేతులు తుడుచుకుని, ఫారం తీసుకెళ్లి పెద్ద మేడమ్ ముందు పెట్టింది.

పెద్ద మేడమ్ రెండుసార్లు చదివింది. "తప్పు నీదేనని నువ్వే రాశావు."

"నాదే కాబట్టి, మేడమ్."

"ప్లానులో ఒక వాక్యం ఎక్కించి ఉంటే నేనేం చేయగలిగేదాన్ని కాదు. తట్టలేదా?"

"మీ అమ్మగారికి తట్టింది. మీ తమ్ముడు కూడా అదే అన్నారు."

పెద్ద మేడమ్ పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే అయుండొచ్చు, వెంటనే సర్దుకుంది. "మరి?"

"పిల్లలు రాని అంకె వచ్చినట్టు రాసుకొస్తే మీరేం చేస్తారు?"

"పేజీ అంతా కొట్టేస్తాను."

"ఆ అలవాటు మీ దగ్గర నేర్చుకున్నదే."

కుళాయి చుక్కలు వినిపిస్తున్నాయి. పెద్ద మేడమ్ ఫారం మీద ఒకచోట వేలు పెట్టింది. "ఈ పదిహేడు ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే. గోడ గడియారం చూసి."

పెద్ద మేడమ్ తన చేతి గడియారం వైపు చూసుకుంది. ఆ గడియారాన్ని బట్టే బంట్రోతు బడి గంట కొడతాడు. "ఇక్కడ పెట్టి వెళ్లు. భోజనాల గంటకి ఇస్తా."

భోజనాల గంట కొట్టారు. ఫారం రాలేదు. రెండయింది, రాలేదు. పెద్ద మేడమ్ ఏడో పీరియడు చెబుతోందని తెలిసి కూడా సీసాలక్క రెండుసార్లు ఆ గది ముందు నుంచి నడిచింది. చేతిలో కడగాల్సిన సీసా ఒకటి ఊరికే పట్టుకుని నడిచింది. తొక్కిపెట్టేసింది అనుకుంది. నోటితో కాదనకుండా, గడియారంతో కాదంటోంది. నాలుగు కొట్టాక కూడా ఇవ్వకపోతే స్టాఫ్ రూములోకి వెళ్లి, ఆ నలుగురి ముందే అడగాలని నిశ్చయించుకుంది. ఉద్యోగం పోతే పోయింది.

నాలుగుకి పది నిమిషాలుండగా పెద్ద మేడమ్ తనే ల్యాబులోకి వచ్చింది. అంటించిన కవరు ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

సీసాలక్క ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి పరుగెత్తింది.

లైసెన్సు ఆఫీసులో అభ్యంతరాల కిటికీ దగ్గర ఆమె ముందు ముగ్గురున్నారు. ఆమె వంతు వచ్చేసరికి ఐదుకి పది. లోపల కూర్చున్న గుమాస్తా ఆవిడ కవరు చింపి, కాగితాలు వరసగా చూసుకుంటూ పోయింది. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఇదేంటమ్మా, దిద్దుడు ఉంది?"

"దిద్దుడా? నేనేం దిద్దలేదే."

గుమాస్తా ఫారాన్ని ఆమె వైపు తిప్పింది. సీసాలక్క నీలి సిరాతో రాసిన వాక్యాలు రాసినట్టే ఉన్నాయి. రెండుచోట్లా పదిహేడు అన్న మాటను మాత్రం ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా కొట్టేసి ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో పద్దెనిమిది అని ఉంది. పక్కన పొట్టి సంతకం.

సీసాలక్క ఆ అంకెని మళ్లీ చదివింది. గోడ గడియారం ముందు నడుస్తుంది. సరిగ్గా ఒక్క నిమిషం ముందని ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అంటే సుద్దముక్క లాక్కున్న ఆ నిమిషాన వదిన తన చేతి గడియారం చూసుకుంది. ఎంత సమయం మింగేస్తోందో ఆవిడకి అప్పుడే తెలుసు.

"ఎవరు దిద్దారు ఇది?" అంది గుమాస్తా.

"మా వదిన."

"వదినామరదళ్ల గొడవ నాకెందుకమ్మా? గైడు సంతకమేనా?"

"ఆవిడే గైడు."

గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టుకుంది. "అభ్యంతరంలో అంకెను గైడే దిద్ది సంతకం పెడితే, మిగతాదంతా నిజమేనని గైడు ఒప్పుకున్నట్టు లెక్క. తన నివేదికకి తనే ఎదురు సాక్ష్యం. సోమవారం పరీక్షకుడు వచ్చినప్పుడు ముందు ఆవిడనే కూర్చోబెట్టి అడుగుతారు, పాఠం మధ్యలో ఎందుకు ఆపారని. ఆవిడ సర్వీసు రిజిస్టర్లో కూడా ఎక్కుతుంది. ఇది తెలిసి దిద్దిందా, అలవాటు కొద్దీ దిద్దిందా? పొరపాటైతే ఇప్పుడే చెప్పు, కాగితం వెనక్కిస్తా. ఐదింటికి కిటికీ మూసేస్తాను."

వెనక్కి తీసుకుంటే వదిన పేరు మీద మచ్చ పడదు, గడువు దాటి తన ఫైలు ఇవాళే మూతపడుతుంది. సీసాలక్క ఆ ఎర్ర గీత వైపు చూసింది. ఇరవై ఏళ్లలో తను రాసిన ఒక్క కాగితం మీదా కొట్టివేత లేని మనిషి వదిన. సాయంత్రం దాకా ఫారం దగ్గర పెట్టుకుని కూర్చున్న మనిషి.

"తెలిసే దిద్దింది," అంది సీసాలక్క. "ముద్ర వెయ్యండి."

ముద్ర పడింది. నిజంగా తెలిసే దిద్దిందో, తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోక దిద్దిందో ఆ మనిషినే అడగాలి. ఆమె ఇల్లు చేరేసరికి పై వాటా మెట్ల మీద వదిన కూర్చుని ఉంది, చేతిలో ఉప్పు సీసా. "ఐసు నువ్వు తీసుకురా," అంది, "ఆ పద్దెనిమిది నిమిషాలూ నాకు చెప్పి చూపించు."